ప్రవేశద్వారం వద్ద యువత: అమెరికా పరిరక్షణ దళం (1933–1942) – హరిత ఉపాధి శిక్షణకు చారిత్రక పాఠాలు

సారాంశం:

పర్యావరణ పరిరక్షణ పనుల ద్వారా పేద యువతకు ఉపాధిని, శిక్షణను కల్పించాలనే ఆలోచన ఇటీవల పుట్టినది కాదు. ఆర్థిక మాంద్యకాలంలో, 1933లో, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఏర్పడిన ‘సివిలియన్ కన్సర్వేషన్ కోర్’ ఈ ఆలోచనను జాతీయస్థాయిలో అమలుచేసిన బృహత్ప్రయత్నం. తొమ్మిదేళ్లలో సుమారు 30 లక్షల మంది ఈ దళంలో పనిచేశారు. దళం చరిత్రను ప్రవేశార్హత, శిక్షణకు దక్కిన సమయం, శిక్షణానంతర ఉపాధి అనే మూడు కోణాల నుండి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అట్టడుగు వర్గాల యువతకు ఇటువంటి పథకం ఎంతవరకు మేలు చేసిందన్నది అందులో బోధించిన విషయాలకన్నా, ప్రవేశం కల్పించిన తీరుపైనే ఎక్కువగా ఆధారపడిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. చివరి భాగంలో ఈ అనుభవం భారతదేశంలోని, ప్రత్యేకించి తెలుగు రాష్ట్రాలలోని సౌరవిద్యుత్ శిక్షణకు ఎలా వర్తిస్తుందో చర్చించబడింది.

కీలక పదాలు: హరిత ఉపాధి, వృత్తి శిక్షణ, ఆర్థిక మాంద్యం, పరిరక్షణ దళం, జాతివివక్ష, సూర్యమిత్ర, సౌరవిద్యుత్తు.

1. ఉపోద్ఘాతం:

అడవులను పెంచడం, నేలకోతను అరికట్టడం, సౌరఫలకాలను అమర్చడం, వ్యర్థాలను శుద్ధిచేయడం వంటి పనులను నేడు ‘హరిత ఉద్యోగాలు’ అని వ్యవహరిస్తున్నారు. ఈ రంగాలలో పేద యువతకు శిక్షణ ఇస్తే నిరుద్యోగం, పర్యావరణ విధ్వంసం అనే రెండు సమస్యలకూ ఒకేసారి పరిష్కారం లభిస్తుందన్నది ప్రభుత్వాల విశ్వాసం. ఈ విశ్వాసానికి దాదాపు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో విజయాలు ఉన్నాయి. చట్టంలో సమానత్వాన్ని ప్రకటించి, ఆచరణలో దానిని నిరాకరించిన సందర్భాలూ ఉన్నాయి. విజయాలను మాత్రమే స్మరించుకొంటే కొత్త పథకాలు పాత లోపాలనే పునరావృతం చేసే ప్రమాదం ఉంది. కనుక ఈ రెండు పార్శ్వాలనూ కలిపి చూడవలసిన అవసరం ఉంది.

2. దళం ఆవిర్భావం:

1929లో మొదలైన మహామాంద్యం 1933 నాటికి అమెరికాలో పరాకాష్ఠకు చేరింది. శ్రామికులలో దాదాపు నాలుగోవంతు మందికి పని లేదు. చదువు మధ్యలో ఆపి, పని దొరకక, ఇంటికి భారమైన యువకులు సరకు రైళ్లెక్కి ఊరూరా తిరిగేవారు. మరోవైపు విచక్షణ లేకుండా నరికివేసిన అడవులు, కోతకు గురైన వ్యవసాయభూములు దేశమంతటా కనిపించేవి.

1933 మార్చి 4న అధ్యక్ష పదవిని స్వీకరించిన ఫ్రాంక్లిన్ డి. రూజ్‌వెల్ట్ అదే నెల 21న ఈ దళం ప్రతిపాదనను కాంగ్రెస్ ముందుంచాడు. మార్చి 31న చట్టం ఆమోదం పొందింది. ఏప్రిల్ 5న కార్యనిర్వాహక ఉత్తర్వు వెలువడింది. ఏప్రిల్ 17న వర్జీనియా రాష్ట్రంలోని జార్జి వాషింగ్టన్ జాతీయ అరణ్యంలో మొదటి శిబిరం ప్రారంభమైంది. జూలై మొదటివారం నాటికి శిబిరాలలో చేరినవారి సంఖ్య రెండున్నర లక్షలు దాటింది.

ఇంత వేగం సాధ్యం కావడానికి పనివిభజన ప్రధాన కారణం. యువకుల ఎంపికను కార్మికశాఖ చూసింది. శిబిరాల నిర్వహణ సైన్యం చేతికి వచ్చింది. చేయవలసిన పనులను వ్యవసాయశాఖ, ఆంతరంగిక వ్యవహారాల శాఖ నిర్ణయించాయి. రోజుకు ఒక డాలరు చొప్పున కూలి నిర్ణయిస్తే దేశంలోని కూలిరేట్లన్నీ పడిపోతాయని కార్మిక సంఘాలు ఆందోళన చెందాయి. యువకులను సైన్యం అదుపులో ఉంచడం కూడా వాటికి నచ్చలేదు. ఈ వ్యతిరేకతను తగ్గించడానికి కార్మిక సంఘ నాయకుడైన రాబర్ట్ ఫెక్నర్‌ను రూజ్‌వెల్ట్ దళం సంచాలకునిగా నియమించాడు.

తొలినాళ్లలో ప్రవేశార్హతలు ఇవి: వయసు 18–25 ఏళ్ల మధ్య ఉండాలి, అవివాహితుడైన పురుషుడై ఉండాలి, నిరుద్యోగి కావాలి, కుటుంబం ప్రభుత్వ సహాయజాబితాలో ఉండాలి. నెలకు 30 డాలర్ల వేతనంలో సాధారణంగా 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్లేవి. భోజనం, దుస్తులు, వసతి, వైద్యం ఉచితం. ఒక్కో విడత ఆరు నెలలు. మళ్లీ చేరే వీలుండేది. చదువుకు సంబంధించిన అర్హత ఏదీ లేకపోవడం ఇక్కడ గమనించదగిన అంశం. అక్షరం రానివాడు కూడా దళంలో చేరగలిగాడు. ఇంటికి చేరే 25 డాలర్ల వల్ల, పెద్దకొడుకును దూరంగా పంపడానికి పేద కుటుంబం వెనుకాడవలసిన అవసరం కలగలేదు. శిక్షణ కాలంలో కుటుంబం కోల్పోయే సంపాదనకు పథకంలోనే బదులు లభించింది.

3. పని స్వరూపం:

ఒక్కో శిబిరంలో సుమారు 200 మంది ఉండేవారు. 1935లో దళం అత్యున్నత స్థాయికి చేరినప్పుడు ఐదులక్షల మందికి పైగా యువకులు 2,600కు పైగా శిబిరాలలో పనిచేశారు. మొత్తం మీద వారు నాటిన మొక్కలు సుమారు 300 కోట్లని అంచనా. అడవులలో బాటలు వేయడం, అగ్నిప్రమాదాలను కనిపెట్టే బురుజులు కట్టడం, వాగులకు అడ్డుకట్టలు వేయడం, పొలాలలో నేలకోతను ఆపే గట్లు పోయడం, ఉద్యానవనాలను తీర్చిదిద్దడం వారి నిత్యకృత్యాలు. కొలరాడో రాష్ట్రంలోని రెడ్ రాక్స్ ఆరుబయలు రంగస్థలం వారి చేతి పనే.

ఈ పనులలో ప్రాణాపాయం కూడా ఉండేది. 1937 ఆగస్టులో వ్యోమింగ్ రాష్ట్రంలోని షోషోన్ జాతీయ అరణ్యంలో చెలరేగిన బ్లాక్‌వాటర్ కార్చిచ్చులో 15 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది దళ సభ్యులే.

పట్టణాల నుండి వచ్చిన చాలామంది యువకులకు గొడ్డలి పట్టడం కూడా తెలియదు. వారికి పని నేర్పడానికి శిబిరాల పరిసరాలలోని అనుభవజ్ఞులైన అటవీ పనివారిని, వడ్రంగులను దాదాపు 25 వేలమందిని నియమించుకోవడానికి ప్రభుత్వం అనుమతించింది. బయటివారు వచ్చి తమ పనులు లాక్కుంటారన్న స్థానికుల భయం దీనివల్ల తగ్గింది. యువకులకు గురువులు లభించారు. దళంలో నిజమైన శిక్షణ తరగతిగదిలోకన్నా ఈ పనివారి పక్కనే ఎక్కువగా జరిగిందని చెప్పవచ్చు.

పర్యావరణ దృష్టితో చూస్తే ఈ పనులన్నీ నిర్దోషమైనవి కావు. దళం పనులను దగ్గరగా చూసిన పర్యావరణవేత్త ఆల్డో లియోపోల్డ్ వాటిలోని పరస్పర వైరుధ్యాన్ని ఎత్తిచూపాడు. ఒక బృందం చేపల కోసం వాగును బాగుచేస్తుంటే మరొక బృందం వేస్తున్న బాట వల్ల అదే వాగు బురదమయమవుతున్న స్థితిని ఆయన ప్రస్తావించాడు. ఏ పనికి ‘పరిరక్షణ’ అన్న పేరు తగునో నిర్ణయించడానికి నేల, నీరు, అడవి గురించిన సమగ్ర జ్ఞానం అవసరమని ఈ విమర్శ తెలుపుతుంది. ఆ జ్ఞానం పని చేసేవారికి కూడా అందాలి. కాని దళంలో చదువుకు దక్కిన స్థానం స్వల్పం.

4. సాయంకాలపు చదువు:

1933 చట్టం ప్రధానంగా పనిని, సహాయాన్ని ఉద్దేశించినది. విద్యాకార్యక్రమానికి ఆ సంవత్సరం చివరిలో మాత్రమే రూపకల్పన జరిగింది. శిబిరాలకు విద్యా సలహాదారులు నియమితులయ్యారు. అయితే తరగతులు పగటి పని ముగిసిన తర్వాతనే జరిగేవి, హాజరు ఐచ్ఛికం. రోజంతా రాళ్లు మోసిన యువకుడు రాత్రి దీపం కింద కూర్చొని లెక్కలు నేర్చుకోవాలి. చదువు వల్ల పని కుంటుపడుతుందేమోనన్న సందేహం సైనికాధికారులలోను, ఫెక్నర్‌లోను ఉండేది.

ఈ పరిమితులలో కూడా ఫలితాలు వచ్చాయి. దళంలో చేరిన నిరక్షరాస్యులలో 40 వేలకు పైగా యువకులు చదవడం, వ్రాయడం నేర్చుకొన్నారు. టైపు, వడ్రంగం, వాహనాల మరమ్మతు, సర్వే వంటి విషయాలలో తరగతులు నడిచాయి. 1937 జూన్ చట్టం వారానికి పది గంటల వరకు సాధారణ విద్యకు, వృత్తి శిక్షణకు కేటాయించే వీలు కల్పించింది. అంటే దళం ఏర్పడిన నాలుగేళ్ల తర్వాత గాని శిక్షణకు చట్టంలో స్పష్టమైన స్థానం దొరకలేదు.

5. ప్రవేశద్వారం వద్ద వివక్ష:

5.1 నల్లజాతి యువకులు:

1933 చట్టసభలో ఉన్న ఏకైక నల్లజాతి సభ్యుడు, ఇల్లినాయ్ ప్రతినిధి ఆస్కర్ డి ప్రీస్ట్. దళం ఎంపికలో జాతి, వర్ణం, మతం కారణంగా వివక్ష చూపరాదన్న సవరణను ఆయన ప్రతిపాదించగా అది చట్టంలో చేరింది. కాగితం మీద ద్వారం అందరికీ తెరుచుకొంది.

అయితే ఎంపిక చేసేది స్థానిక అధికారులు. జార్జియా రాష్ట్రంలోని క్లార్క్ కౌంటీ జనాభాలో నల్లజాతివారు సగానికి పైగా ఉన్నా, తొలి ఎంపికలో వారికి చోటు దక్కలేదు. పొలంపనులకు నల్లజాతి కూలీలు అవసరమని ఆ ప్రాంతాల అధికారులు సాకు చెప్పారు. కార్మికశాఖలో ఎంపికను పర్యవేక్షించిన ఫ్రాంక్ పర్సన్స్ జార్జియా రాష్ట్రపు కోటాను నిలిపివేస్తానని హెచ్చరించిన తర్వాతనే పరిస్థితి కొంత మారింది.

చేరినవారికి కూడా సమాన స్థానం లభించలేదు. 1935 జూలైలో ఫెక్నర్ తెల్ల, నల్ల సభ్యులను పూర్తిగా వేరుచేయాలని ఆదేశించాడు. నల్లజాతివారి సంఖ్యను జనాభాలో వారి నిష్పత్తికి, అంటే దాదాపు పదోవంతుకు, పరిమితం చేశారు. ఈ లెక్క పైకి న్యాయంగా కనిపిస్తుంది. కాని నిరుద్యోగం తెల్లవారికన్నా నల్లజాతివారిలో చాలా ఎక్కువ. అవసరాన్ని బట్టి కాక జనాభాను బట్టి కోటా నిర్ణయించడం వల్ల ఎక్కువ అవసరమున్నవారికి తక్కువ అవకాశం దక్కింది. తమ ఊరి దగ్గర నల్లజాతి శిబిరం వద్దంటూ అనేక ప్రాంతాలవారు అభ్యంతరం చెప్పగా, శిబిరం లేదన్న కారణంతో మరెందరో యువకులు నిరీక్షణ జాబితాలో మిగిలిపోయారు.

పదోన్నతిలోను ఇదే తీరు. దళంలో నాయకునికి నెలకు 45 డాలర్లు, సహాయ నాయకునికి 36 డాలర్లు ఇచ్చేవారు. కాని నల్లజాతి శిబిరాలలో సైతం అధికారులు, పర్యవేక్షకులు ఎక్కువగా తెల్లవారే. పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ శిబిరాన్ని నల్లజాతి అధికారులకు అప్పగించడం అరుదైన మినహాయింపు. ఇన్ని అవరోధాల మధ్య కూడా రెండు లక్షలకు పైగా నల్లజాతి యువకులు దళంలో పనిచేశారు. వారు ఇళ్లకు పంపిన డబ్బు ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. ఈ మేలును కాదనలేము. మరింత మందికి అందవలసిన మేలు ద్వారం వద్దనే ఆగిపోయిందన్నది కూడా అంతే వాస్తవం.

5.2 యువతులు:

దళంలో స్త్రీలకు ప్రవేశం లేదు. ఎలినార్ రూజ్‌వెల్ట్ చొరవతో 1933లో న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్ మౌంటెన్ ప్రాంతంలో నిరుద్యోగ యువతుల కోసం ‘క్యాంప్ టెరా’ అనే శిబిరం మొదలైంది. ఇటువంటి శిబిరాల విస్తరణకు విద్యావేత్త హిల్డా స్మిత్ కృషి చేసింది. 1937లో మూసివేసేనాటికి వీటి ద్వారా దాదాపు 8,500 మంది యువతులు మాత్రమే లబ్ధి పొందారు. పురుషుల దళంతో పోల్చదగిన వేతనం వారికి లేదు. చిన్నపాటి భత్యం మాత్రమే దక్కేది. అడవిలో చేసే పని ఆడవారికి తగదన్న నాటి భావన, ‘కుటుంబాన్ని పోషించేవాడు పురుషుడే’ అన్న నమ్మకం ఇందుకు మూలం. తండ్రి లేని ఇంటిని నెట్టుకొస్తున్న కూతురికి ఈ లెక్కలో స్థానం లేదు.

5.3 ఆదివాసీ విభాగం:

పై రెండింటికి భిన్నమైన ఉదాహరణ అమెరికా ఆదివాసీల కోసం ఏర్పడిన ప్రత్యేక విభాగం. జాన్ కాలియర్ నేతృత్వంలోని ఆదివాసీ వ్యవహారాల కార్యాలయం దీనిని నిర్వహించింది. ఇందులో చేరడానికి అవివాహితుడై ఉండాలన్న నియమం లేదు, వయఃపరిమితి సడలించబడింది. చాలామంది సొంత ఇంటనే ఉంటూ తమ తెగ భూములలోనే పనిచేశారు. ఎండిన చెరువులను బాగుచేయడం, పశువులకు నీటివసతి కల్పించడం, కంచెలు వేయడం, యంత్రాలను నడపడం వంటి పనులు వారు నేర్చుకొన్నారు. పని ఫలితం తమ భూమికే దక్కింది. 80 వేలమందికి పైగా ఈ విభాగంలో పాల్గొన్నారు.

ఈ విభాగంలో నియమాలను ప్రజల జీవనవిధానానికి అనుగుణంగా మార్చారు. ప్రజలు నియమాలకు అనుగుణంగా మారాలని కోరలేదు. ఒకే చట్టం కింద, ఒకే కాలంలో, ఒకే ప్రభుత్వం ఇలా చేయగలిగింది. కాబట్టి నల్లజాతి యువకుల విషయంలోను, స్త్రీల విషయంలోను జరిగిన మినహాయింపులు తప్పనిసరి పరిస్థితుల వల్ల జరిగినవి కావు. అవి తెలిసి చేసిన ఎంపికలు.

6. ముగిసిన దళం, మిగిలిన వారసత్వం:

1940 తర్వాత యుద్ధపరిశ్రమలు నిరుద్యోగాన్ని తగ్గించాయి. యువకులు కర్మాగారాలకు, సైన్యానికి తరలిపోయారు. 1942 వేసవిలో కాంగ్రెస్ నిధులు నిలిపివేయడంతో దళం ముగిసింది. దళంలో నేర్చిన క్రమశిక్షణ, వాహనచోదనం, వంట, నిర్మాణపు పనులు యుద్ధకాలంలో ఉపయోగపడ్డాయి. కాని అడవుల పరిరక్షణలో స్థిరమైన వృత్తి అన్నది అందులో చాలామందికి లభించలేదు. పనికి కొదవ లేదు. ఆ పనికి జీతమిచ్చే స్థిరమైన వ్యవస్థ లేదు. మాంద్యం తీరగానే నేలకోత తీరలేదన్నది విధానకర్తలు మరచిన విషయం.

1964లో పేదరిక నిర్మూలన చట్టంలో భాగంగా ఏర్పడిన ‘జాబ్ కోర్’ అటవీ ప్రాంతాలలో పరిరక్షణ కేంద్రాలను నెలకొల్పింది. 1976లో కాలిఫోర్నియా రాష్ట్రం సొంత పరిరక్షణ దళాన్ని ఏర్పాటు చేసుకొంది. 2007 ఇంధన చట్టంలో భాగమైన ‘గ్రీన్ జాబ్స్ యాక్ట్’ ఏటా 12.5 కోట్ల డాలర్ల వరకు శిక్షణకు వెచ్చించే అధికారమిచ్చింది. 2009 ఆర్థిక పునరుద్ధరణ చట్టం హరిత ఉపాధి శిక్షణకు 50 కోట్ల డాలర్లు కేటాయించింది. ఈ దశలో శిక్షణే కేంద్రమైంది. 1933లో పని ముందు, శిక్షణ తర్వాత. 2009 నాటికి శిక్షణ ముందు, పని తర్వాత. శిక్షణ పూర్తయ్యేసరికి ఉద్యోగం సిద్ధంగా ఉంటుందా అన్న ప్రశ్న ఈ మార్పుతో తీవ్రమైంది.

7. భారతీయ సందర్భం – తెలుగు రాష్ట్రాలు:

భారత ప్రభుత్వం 2015లో ‘సూర్యమిత్ర’ శిక్షణను ప్రారంభించింది. సౌరఫలకాలను అమర్చడం, నడపడం, నిర్వహించడం ఇందులో నేర్పుతారు. 600 గంటల ఈ ఆవాస శిక్షణ ఉచితం. గ్రామీణ నిరుద్యోగులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ప్రాధాన్యం ఇవ్వాలన్నది మార్గదర్శక సూత్రం. 2017లో పర్యావరణ మంత్రిత్వశాఖ ‘హరిత నైపుణ్య అభివృద్ధి కార్యక్రమం’ మొదలుపెట్టింది. అదే సంవత్సరం కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సౌర ఉద్యానం పూర్తిస్థాయిలో పనిచేయడం ప్రారంభించింది. 2022లో రామగుండం జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌరకేంద్రం పూర్తయింది. అంటే తెలుగు నేలపై ఈ శిక్షణకు తగిన క్షేత్రం సిద్ధంగా ఉంది.

పరిరక్షణ దళం అనుభవం ఇక్కడ మూడు ప్రశ్నలను ముందుంచుతుంది. మొదటిది ప్రవేశం. సూర్యమిత్రలో చేరడానికి పదో తరగతితోపాటు ఐ.టి.ఐ. వంటి సాంకేతిక అర్హతను కోరారు. విద్యుత్తుతో కూడిన పనికి కనీస జ్ఞానం అవసరమన్న వాదన సమంజసమైనదే. కాని ఎనిమిదో తరగతిలో బడి మానేసి కూలికి వెళ్లిన యువకుడికి ఈ ద్వారం మూసే ఉంటుంది. ప్రాధాన్యం ఎవరికి దక్కాలని మార్గదర్శకాలు ఆశించాయో వారిలోని అత్యంత పేదలు అర్హత వద్దనే జారిపోతారు. రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో బంకర్ రాయ్ స్థాపించిన బేర్‌ఫుట్ కళాశాల దీనికి భిన్నమైన మార్గాన్ని చూపింది. అక్షరజ్ఞానం అంతగా లేని గ్రామీణ స్త్రీలకు రంగుల గుర్తుల ద్వారా, చేతి పని ద్వారా సౌరదీపాల తయారీ, మరమ్మతు నేర్పి, వారిని సొంత ఊళ్ల అవసరాలకు సిద్ధం చేసింది. పెద్ద సౌరకేంద్రాల పనికి ఈ పద్ధతి యథాతథంగా సరిపోకపోవచ్చు. కాని చదువు లేకపోవడం నేర్వలేకపోవడం కాదని ఇది నిరూపించింది.

రెండవది కుటుంబం. మూడు నెలల ఆవాస శిక్షణ ఉచితమైనా, ఆ మూడు నెలల కూలి ఇంటికి రాదు. దళం ఇంటికి పంపిన 25 డాలర్ల వంటి ఏర్పాటు ఈ శిక్షణ స్వరూపంలో లేదు. వలస కూలిపై ఆధారపడిన కరవు ప్రాంతపు కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. ఇంటి బాధ్యతలున్న యువతికి ఊరు విడిచి వెళ్లడమే అవరోధం. ఆదివాసీ విభాగం అనుసరించిన ‘ఇంటి దగ్గరే పని, ఇంటి దగ్గరే శిక్షణ’ అన్న పద్ధతి ఇక్కడ ఆలోచించదగినది.

మూడవది ఉద్యోగం. సౌరకేంద్రం నిర్మాణదశలో ఎక్కువమంది అవసరం. నిర్మాణం ముగిశాక ఫలకాలు కడగడానికి, గడ్డి తీయడానికి, కాపలాకు, పర్యవేక్షణకు కొద్దిమంది చాలు. శిక్షణ పొందినవారికి ఏ స్థాయి పని దక్కుతుందన్నది ఇక్కడ కీలకం. భూములిచ్చిన ఊళ్ల యువతకు పర్యవేక్షణ స్థానాలు దక్కక, కడిగే పని, కాపలా పని మాత్రమే మిగిలితే, నల్లజాతి శిబిరాలలో కనిపించిన అంతరమే మరో రూపంలో కొనసాగినట్లవుతుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. పరిరక్షణ దళం అక్షరజ్ఞానాన్ని అర్హతగా కోరకపోవడం, కుటుంబానికి నేరుగా డబ్బు పంపడం అన్న రెండు నిర్ణయాల వల్ల అత్యంత పేద కుటుంబాల యువకులను చేరుకోగలిగింది.

2. వివక్షను నిషేధించిన చట్టవాక్యం ఒక్కటే వివక్షను ఆపలేకపోయింది. ఎంపికాధికారంపై పర్యవేక్షణ ఉన్నచోట, కోటా నిలిపివేస్తామన్న హెచ్చరిక ఉన్నచోట మాత్రమే మార్పు వచ్చింది.

3. జనాభా నిష్పత్తి ప్రకారం కేటాయింపు, అవసరం ప్రకారం కేటాయింపు ఒకటి కావు.

4. శిక్షణను సాయంకాలపు అనుబంధంగా చూసినప్పుడు, దాని వెనుక స్థిరమైన ఉపాధి లేనప్పుడు, నేర్చిన నైపుణ్యం అదే రంగంలో నిలవలేదు.

5. నియమాలను ప్రజల జీవితానికి అనుగుణంగా సవరించడం సాధ్యమేనని ఆదివాసీ విభాగం నిరూపించింది.

దళం నాటిన చెట్లు, కట్టిన బాటలు నేటికీ అమెరికాలో కనిపిస్తాయి. నిరీక్షణ జాబితాలో మిగిలిపోయిన యువకులు, లెక్కలోకి రాని యువతులు ఆ దృశ్యంలో కనిపించరు. ఒక హరిత ఉపాధి పథకాన్ని అంచనా వేసేటప్పుడు ఎంతమంది శిక్షణ పొందారన్న సంఖ్యతోపాటు, ఎవరు చేరలేకపోయారు, ఏ నియమం వారిని ఆపింది అన్న వివరాలను కూడా నమోదుచేయడం అవసరం. తెలుగు రాష్ట్రాలలో సౌరక్షేత్రాలు విస్తరిస్తున్న ఈ దశలోనే ఆ నమోదు మొదలైతే, నియమాలను సకాలంలో సవరించుకొనే వీలు కలుగుతుంది.